జెస్సీ మేడం చేప

పరీక్ష ఫలితాలు చదివేటప్పుడు తన పేరు వినగానే ఎవరైనా ఊపిరి పీల్చుకుంటారు. చైత్రకు మాత్రం జెస్సీ పేరు కూడా విన్నాకే ఊపిరి ఆడేది. ఉదయగిరి హైస్కూల్లో చదివినన్నాళ్ళూ ఫస్టు చైత్ర, సెకండు జెస్సీ. ఇద్దరి మధ్యా ఎన్ని మార్కుల తేడా ఉందో చైత్రకు ఎప్పుడూ కంఠతా వచ్చేది. తేడా తగ్గిన నెలలో చైత్ర సరిగా అన్నం తినేది కాదు.

చైత్రది కలిగిరి దగ్గర పల్లె. తండ్రి చెంచురామయ్య ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు, ఊళ్ళో నలుగురికీ మాట చెప్పే ఇల్లు. చదువు కోసం కూతుర్ని ఉదయగిరిలో మేనత్త ఇంట్లో పెట్టాడు. జెస్సీ ఆ ఊరి పిల్లే. తల్లి ఆనందమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. తాతల నాటి నుంచీ బాప్టిస్టు చర్చికి పోయే కుటుంబం. ఇద్దరు పిల్లలదీ ఒకే బెంచీ, వానొస్తే ఒకే గొడుగు. క్రిస్మస్‌కు ఆనందమ్మ చేసిన కజ్జికాయలు చైత్ర డబ్బాలోకి వచ్చేవి. వేసవిలో చెంచురామయ్య తోట మామిడికాయలు జెస్సీ ఇంటికి పోయేవి. ఆ స్నేహం అబద్ధం కాదు. కానీ దానికొక వరుస ఉండేది. ముందు చైత్ర, వెనక జెస్సీ. చెంచురామయ్య సెలవులకు కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, "ఆనందమ్మ కూతురు బాగా చదవతావుండాదంటనే. మంచిదే. ఎట్టాగూ నీ వెనకే గదా" అనేవాడు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలుగా అనేవాడు. చైత్ర కూడా అంత మామూలుగానే నమ్మింది.

చదువులు అయ్యాయి, పెళ్ళిళ్ళు అయ్యాయి. చైత్ర భర్త నాగేంద్రబాబుకు ఆత్మకూరు మార్కెట్ దగ్గర ఎరువుల అంగడి. అదే ఊళ్ళో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చైత్ర ఫిజిక్స్ లెక్చరరుగా చేరింది. తర్వాత కొన్నాళ్ళకు జువాలజీ పోస్టు ఖాళీ పడితే, ప్రిన్సిపాల్ రామనారాయణకు జెస్సీ పేరు చెప్పింది చైత్రే. ఆ సంగతి జెస్సీ మరిచిపోలేదు. చైత్ర అంతకంటే మరిచిపోలేదు.

పీహెచ్‌డీకి ముందుగా నమోదు చేసుకుంది కూడా చైత్రే. కాలేజీ పని చేసుకుంటూనే, యూనివర్సిటీలో గైడు దగ్గరికి నెలకొకసారి పోయొస్తూ చేసే పరిశోధన. ఆమె విషయం జింక్ ఆక్సైడు. మనం ఎండకు పూసుకునే క్రీముల్లో ఉండే తెల్లటి పొడే అది. దానిలో కరెంటు అంతంత మాత్రంగా పారుతుంది. వందలో రెండు మూడు పాళ్ళు కోబాల్టును లోపలికి పంపిస్తే దాని గుణమే మారిపోతుంది. ఆ చేర్చడాన్నే డోపింగ్ అంటారు. ద్రావణం కలిపి, గంటల తరబడి తిప్పి, జిగురుగా మారాక ఆరబెట్టి, కొలిమిలో కాలిస్తే పొడి లేత ఆకుపచ్చగా బయటికొస్తుంది. ఆ రంగు చూసిన ప్రతిసారీ చైత్ర మనసు నిండిపోయేది. అయితే కొలిమి వేడెక్కే వేళకే ఆత్మకూరులో కరెంటు పోయేది. వచ్చాక మళ్ళీ మొదటి నుంచి. కాల్చిన పొడిని ఎక్స్‌రే పరీక్షకు పంపి నెలలు ఎదురుచూడాలి. ఇంత చేస్తే, పండక్కి వచ్చిన మామగారు ఆ సీసాను వెలుతురుకు పట్టి చూసి, చీడలకు చల్లే మందా అని అడిగాడు.

జెస్సీ రెండేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టింది. ఆమె విషయం చేపల చుట్టరికాలు. పరిగె అని, వేలెడు పొడవుండే వెండి పొలుసుల చేప, నెల్లూరు జిల్లా పడమటి సీమ వాగుల్లోనూ చెరువుల్లోనూ అంతటా దొరుకుతుంది. సోమశిల డ్యాముకు పైన ఉన్న పరిగె, కింద పెన్నలో ఉన్న పరిగె, ఉదయగిరి కొండ కింద వాగులో ఉన్న పరిగె, ఈ మూడూ ఒక ఇంటివేనా, లేక చూడ్డానికి మాత్రమే ఒకటా? అనంతసాగరం వైపు నుంచి కొండలయ్య అనే జాలరి చేపలు పట్టి ఇచ్చేవాడు. జెస్సీ వాటి రెక్క కొసను చిటికెడు కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న ట్యూబులో వేసి, హైదరాబాదు ల్యాబుకు పంపేది. వాళ్ళు ఆ చేప డీఎన్ఏను నాలుగే అక్షరాలు మారి మారి వచ్చే పొడవాటి వరుసగా తిరిగి పంపేవాళ్ళు. రెండు వరుసల్లో తేడాలు ఎంత తక్కువైతే చుట్టరికం అంత దగ్గర. ఆ లెక్క పట్టుకుని కంప్యూటరు ఒక వంశవృక్షం గీస్తుంది.

మొదటి చెట్టు గీసినప్పుడే వింత బయటపడింది. డ్యాము పైవీ కిందవీ పక్కపక్క కొమ్మల మీద కూర్చున్నాయి. కొండ వాగు పరిగెలు మాత్రం ఎక్కడో దూరంగా, వేరే కొమ్మ మీద ఒంటరిగా ఉన్నాయి. జెస్సీ గైడు, తొందరపడొద్దు, పరిశోధన పత్రికకు పంపేముందు అన్నీ సరిచూద్దాం అన్నాడు. జెస్సీ ఆ మాటే స్టాఫ్‌రూములో చెప్పింది. కానీ రామనారాయణ ఊరుకునే మనిషి కాడు. తనకు తెలిసిన విలేఖరికి ఫోను చేశాడు. మూడో రోజు జిల్లా పేజీలో జెస్సీ ఫోటో, పక్కన చేప ఫోటో, పైన 'ఉదయగిరి వాగులో కొత్త రకం చేప?' అని పెద్ద అక్షరాలు. ఆ చివరి ప్రశ్నార్థకాన్ని ఊళ్ళో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు నుంచి ఆత్మకూరులో దానికి జెస్సీ మేడం చేప అని పేరు పడిపోయింది. రామనారాయణ స్టాఫంతటికీ పాలకోవా పంచాడు. చైత్ర తన ముక్కను నోట్లో వేసుకుని, బాగుందని చెప్పి, నీళ్ళు తాగే మిషతో బయటికి పోయింది. సాయంత్రం అంగడికి పోతే, యూరియా కోసం వచ్చిన రైతు ఒకడు, మీ కాలేజీలో ఒకమ్మ చేపను కనిపెట్టిందంటగా అని అడిగాడు. తండ్రి ఫోను చేసి, ఆనందమ్మ కూతురు పేపర్లో పడింది చూసినావా అన్నాడు. ఆపైన, "నువ్వు గూడా ఏదన్నా కంటికి కనపడేది చెయ్యొచ్చు గదమ్మా" అన్నాడు. ఈసారి 'ఎట్టాగూ నీ వెనకే గదా' అనలేదు. అనకపోవడమే చైత్రకు ముల్లులా దిగింది.

ఏడుపు అనే మాటకు మన దగ్గర రెండర్థాలు. కంటి నీళ్ళ ఏడుపు ఒకటి, ఎదుటివాళ్ళ బాగు చూడలేని ఏడుపు ఒకటి. మొదటిది బయటికి వచ్చేస్తుంది. రెండోది లోపలే కూర్చుని తింటుంది. చైత్ర ఆ రోజుల్లో జెస్సీని కొత్తగా చూడడం మొదలుపెట్టింది. జెస్సీ గొంతు పెద్దదైనట్టు అనిపించింది. ఆమె నవ్వులో ఏదో ధీమా కనిపించింది. పిల్లలు జువాలజీ ల్యాబు ముందు గుంపులుగా నిలబడితే, ఇంత గోల ఏందని కసిరింది. తను నాలుగేళ్ళు ఎక్స్‌రే రిపోర్టుల కోసం పడిగాపులు పడుతుంటే, చేప రెక్క కత్తిరించి ట్యూబులో వేసిన మనిషికి పేరు వచ్చిందే అని ఉడికిపోయింది. అది అంత సులువు పని కాదని ఆమెకు తెలుసు. తెలిసినా ఉడుకు తగ్గలేదు.

నెల్లూరులో జిల్లా కాలేజీలన్నిటికీ కలిపి ఒక సైన్సు సదస్సు ఏర్పాటైంది. జెస్సీకి వేదిక మీద మాట్లాడే అవకాశం వచ్చింది. చైత్రకు వరండాలో పోస్టరు పెట్టుకునే అవకాశం వచ్చింది. సదస్సుకు ఇంకా నెల ఉందనగా, జెస్సీ ల్యాప్‌టాప్ తీసుకుని ఫిజిక్స్ ల్యాబుకు వచ్చింది. చెట్టు బొమ్మ అందంగా రావడం లేదని, గ్రాఫులు గీయడంలో నీ చెయ్యి మంచిదని, కాస్త చేసి పెట్టమని అడిగింది. చైత్ర సరేనంది. కాదనడానికి కారణం దొరకలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పని ముందేసుకుంది. చెట్టు బోడిగా ఉన్నట్టనిపించింది. పోల్చడానికి దూరపు చుట్టంగా జెస్సీ ఒక్క జెల్ల చేపను మాత్రమే పెట్టుకుంది. చెట్టు నిండుగా కనబడాలని, అందరికీ తెలిసిన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపల వరుసలను ఇంటర్నెట్ నుంచి దింపి చేర్చింది. పని చేస్తే సరిగా చేయడం ఆమె తత్వం, కడుపులో ఎంత మంట ఉన్నా. కంప్యూటరు కొత్త చెట్టు గీసింది. చైత్ర చూసింది. కొండ వాగు పరిగె శీలావతి కొమ్మ మీద కూర్చుని ఉంది. పక్కన కాదు, దాని మీదే.

రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూసింది. ఒక్క అక్షరం తేడా లేదు. అది పరిగె కాదు, కొత్త చేపా కాదు. సంతలో అమ్మే శీలావతి. ఏం జరిగి ఉంటుందో కూడా చైత్రకు తట్టింది. చెయ్యి తిరగడానికి జెస్సీ మొదట్లో చేపపిల్లల కేంద్రం నుంచి శీలావతి పిల్లల్ని తెచ్చి వాటి రెక్కలు కత్తిరించేది. ఆ ట్యూబులూ, వాగు చేపల ట్యూబులూ ఒకే పెట్టెలో ఉండేవి. స్పిరిట్ ఒలికి పెన్నుతో రాసిన పేర్లు చెరిగిపోతే, గుర్తున్నంత వరకు మళ్ళీ రాశానని జెస్సీ ఒకసారి విసుక్కోవడం ఆమె విన్నది.

ఫోను పక్కనే ఉంది. జెస్సీ నంబరు పైనే ఉంది. చైత్ర ఫోను తీయలేదు. మొదట ఆమెకు కలిగింది సంతోషం. దాన్ని సంతోషమని ఒప్పుకోకుండా, ఆశ్చర్యమని పేరు పెట్టుకుంది. తర్వాత కారణాలు వెతుక్కుంది. ఇది నా సబ్జెక్టు కాదు, తప్పు చెప్తే నవ్వుతారు. గైడు ఉన్నాడు, ఆయన చూసుకుంటాడు. అడిగింది బొమ్మ గీయమని, తప్పులు వెతకమని కాదు. ఇలా అనుకుంటూ ఇంకో పేజీ తెరిచి, శీలావతిని, బొచ్చెను, ఎర్రమోసును తీసేసి, జెస్సీ అడిగిన చెట్టును అడిగినట్టే గీసింది. రంగులు చక్కగా వేసింది. కొండ వాగు కొమ్మకు ఎర్ర రంగు పెట్టింది. సాయంత్రానికి పంపించేసింది.

సోమవారం జెస్సీ స్టాఫ్‌రూములో ఆమె పక్కన వచ్చి కూర్చుంది. బొమ్మ చాలా బాగా వచ్చిందంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"చైత్రా, బొమ్మ గీసేటప్పుడు నీకు ఇంకేమన్నా అనిపించిందా?"

"ఏమనిపిస్తాది? బాగుండాది" అంది చైత్ర, దిద్దుతున్న పేపర్ల నుంచి తలెత్తకుండా.

జెస్సీ లేచి క్లాసుకు పోయింది. ఆ వారంలో రెండు రోజులు సెలవు పెట్టింది. సదస్సుకు చీర కొనుక్కోవడానికి నెల్లూరు పోయుంటుందిలే అనుకుంది చైత్ర. అలా అనుకోవడం ఆమెకు హాయిగా ఉంది. ఇంట్లో కూనిరాగాలు తీసింది. ఏంది ఇంత హుషారుగా ఉండావని నాగేంద్రబాబు అడిగితే, పోస్టరు బాగా వచ్చిందని చెప్పింది. కానీ నిద్ర సరిగా పట్టేది కాదు. కళ్ళు మూసుకుంటే నెల్లూరు వేదిక కనబడేది. ఎవరో ఒక పెద్దాయన లేచి, అమ్మా ఇది శీలావతి కదా అంటాడు. సభ నవ్వుతుంది. జెస్సీ ముఖం పాలిపోతుంది. ఆ ముఖం కనబడేసరికి చైత్రకు మెలకువ వచ్చేది. అది భయమో, తీపో, తెలిసేది కాదు.

సదస్సు రోజు ఇద్దరూ ఒకే బస్సులో నెల్లూరు పోయారు. జెస్సీ కట్టుకున్నది పాత చీరే. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హాలు బయట వరండాలో చైత్ర తన పోస్టరు పక్కన, ఆకుపచ్చ పొడి సీసా చేత పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆగిన వాళ్ళు తక్కువ. ఒకమ్మాయి దగ్గరికొచ్చి, భోజనాలు ఎక్కడని అడిగి పోయింది. లోపల జెస్సీ పేరు పిలిచారు. చైత్ర సీసాను సంచిలో పెట్టుకుని వెనక వరుసలో పోయి కూర్చుంది.

జెస్సీ తడబడకుండా మాట్లాడింది. మూడు చోట్ల చేపలు పట్టడం, వరుసలు, లెక్కలు అన్నీ చెప్పింది. చివరికి చెట్టు బొమ్మ తెర మీదికి వచ్చింది. అది చైత్ర శనివారం మధ్యాహ్నం మొదట గీసిన బొమ్మ. బొచ్చె ఉంది, ఎర్రమోసు ఉంది. శీలావతి కొమ్మ మీద కొండ వాగు పరిగె ఉంది.

పేపర్లో వచ్చిన కొత్త చేప ఇదేనని జెస్సీ సభకు చెప్పింది. అది కొత్త చేప కాదు, శీలావతి, ట్యూబుల పేర్లు మార్చి రాసింది నేనే అంది. తప్పు తెలిశాక కొండలయ్యను వెంటబెట్టుకుని వాగుకు పోయి, కొత్తగా చేపలు పట్టి, మళ్ళీ ల్యాబుకు పంపానంది. ఇంకో బొమ్మ చూపించింది. కొండ వాగు పరిగె, పెన్నలో డ్యాము కింది పరిగె ఒకే ఇంటి బిడ్డలని తేలింది. డ్యాము పైన ఉన్నవి వాటికి దగ్గరి దాయాదులు. పేపర్లో వేసేంత గొప్ప సంగతి కాదు కానీ ఇది నిజమైన సంగతి అంది. తర్వాత ఆమె వెనక వరుస వైపు చూసింది.

"ఈ తప్పు బయటపడింది మా కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ చైత్ర గీసిన బొమ్మ వల్ల. ఆమె శీలావతిని ఈ చెట్టులో పెట్టకపోయుంటే నేను ఈ రోజు మీ ముందు అబద్ధం చెప్పి పోయేదాన్ని. ఆమెకు నా కృతజ్ఞతలు."

ముందు వరుసలో ఒక ముసలి ప్రొఫెసరమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టింది. తలలు వెనక్కి తిరిగి చైత్రను వెతికాయి. చైత్ర కూడా చప్పట్లు కొడుతోంది. ఆ చేతులు తనవి కావన్నట్టుగా ఉంది. మొదటి బొమ్మను తుడిపేయలేదని, అదే ఫైలులో పక్క పేజీలో ఉండిపోయిందని అప్పుడే ఆమెకు అర్థమైంది. మధ్యాహ్నం పోస్టరు దగ్గర జనం మూగారు. మీరేనా చైత్ర అంటూ చేయి కలిపారు. ఇన్నేళ్ళుగా కోరుకున్నది అదే. ఒక్కొక్క చేయీ కాలిన పెనంలా తగిలింది.

తిరుగు బస్సు సంగం దాటింది. పొద్దు వాలుతోంది. చైత్రే మొదలుపెట్టింది.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు పంపిన రోజే. రంగు మార్చుదామని ఫైలు తెరిస్తే పక్క పేజీ కనపడింది."

"మరి సోమవారం నన్ను అడిగినావే..."

"నువ్వు చెప్తావని అడిగినాను. ఆ తర్వాత గూడా నాలుగు రోజులు చూసినాను, చెప్తావని. నువ్వు చెప్పలా."

చైత్ర బస్సు ముందు అద్దంలోకి చూస్తూ అడిగింది. "మరి అందరి ముందరా నాకు దండం ఎందుకు పెట్టినావు? సిగ్గు తెప్పించాలనా?"

"బొమ్మ గీసింది నువ్వే గదా. అది నిజం, చెప్పినాను. నువ్వు దాన్ని దాచిపెట్టింది గూడా నిజమే. అది చెప్పాల్సింది నేను కాదు" అంది జెస్సీ. తర్వాత సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆత్మకూరు బస్టాండులో దిగి, పోయొస్తానని కూడా అనకుండా, తల్లి ఉండే ఉదయగిరికి బస్సెక్కి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి జెస్సీ మధ్యాహ్నం అన్నం జువాలజీ ల్యాబులోనే తినడం మొదలుపెట్టింది. పని ఉంటే మాట్లాడేది, మేడం అని పిలిచి మరీ. రామనారాయణకు మాత్రం పండగగా ఉంది. చేప పోయినా కాలేజీ పేరు నిలబడిందని, కాలేజీ వార్షికోత్సవంలో ఇద్దరికీ శాలువాలు కప్పుతానని తిరిగాడు. నిజాయతీకి మన కాలేజీ పెట్టింది పేరని పిల్లలకు ప్రార్థనలో చెప్పాడు. చైత్ర ఆ మాటను కొన్నాళ్ళు మోసింది. నాగేంద్రబాబుకు జరిగిందంతా చెప్తే, ఎవరికీ నష్టం జరగలా గదా, గమ్మునుండు అన్నాడు. అది మంచి సలహానే. దాన్ని పాటించడమే ఆమె వల్ల కాలేదు. ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసి, ఆ తప్పు తను ముందే చూశానని, కావాలనే చెప్పలేదని చెప్పింది.

రామనారాయణ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. చూడలేక, అంది చైత్ర. ఆయనకు అర్థమైంది.

"ఈ మాట నాకెందుకు చెప్పినావమ్మా ఇప్పుడు?"

"శాలువా కప్పుతామంటిరి గదా సార్. అందుకు."

వార్షికోత్సవంలో ఒక్క శాలువానే కప్పారు. చైత్ర పిల్లల మధ్య కూర్చుని చూసింది. నిజం చెప్పేస్తే కడుపులో మంట చల్లారుతుందని ఆమె అనుకుంది. చల్లారలేదు. శాలువా ముదురు ఊదా రంగు, జెస్సీకి బాగా నప్పింది, ఆ నప్పడం కూడా చైత్రకు గుచ్చుకుంది. తేడా ఒక్కటే. ఇదివరకు ఆ మంటకు ఏవేవో పేర్లు పెట్టుకునేది. ఇప్పుడు దాని అసలు పేరుతోనే పిలుచుకుంటోంది.

ఆ వేసవిలో ఆమె తన సొంత పని మీద పడింది. జెస్సీ తప్పును అంత సులువుగా పట్టిన కన్ను తన తప్పుల్ని ఎప్పుడైనా వెతికిందా అని అనుమానం పట్టుకుంది. పాత ఎక్స్‌రే గ్రాఫులన్నీ బయటికి తీసింది. కోబాల్టు ఎక్కువగా వేసిన ఒక పొడిలో, ఉండకూడని చోట చిన్న బొడిపె ఉంది. కోబాల్టు అంతా లోపలికి పోలేదని, కొంత బయటే వేరుగా మిగిలిపోయిందని దాని అర్థం. ఆ పొడి ఫలితాలు తీసేసి, ఆ భాగమంతా మళ్ళీ చేసింది. సాయంత్రాలు కరెంటు నిలకడగా ఉంటోందని, కాలేజీ వదిలాక చీకటి పడేదాకా కొలిమి దగ్గరే కూర్చునేది. గైడు విసుక్కున్నాడు. థీసిస్ ఆ ఏడాది ఇవ్వాల్సింది మరుసటి ఏడాదికి పోయింది. ఈలోగా జెస్సీ తన థీసిస్ ఇచ్చేసింది. డాక్టర్ జెస్సీ అని ల్యాబు తలుపు మీద కొత్త పలక వచ్చింది. రెండేళ్ళు వెనక మొదలుపెట్టిన మనిషి ముందు పోయింది. చెంచురామయ్య ఫోను చేసి, ఈసారి ఏమీ అనకుండా, పంటల సంగతి మాట్లాడి పెట్టేశాడు.

చైత్ర వైవా మరుసటి శీతాకాలంలో జరిగింది. యూనివర్సిటీలో చిన్న గది, బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు, గైడు, కొద్దిమంది విద్యార్థులు. నాగేంద్రబాబు అంగడి మూసుకుని వచ్చాడు. అంతా మొదలవబోతుండగా తలుపు తీసుకుని జెస్సీ లోపలికొచ్చి వెనక కూర్చుంది. చైత్ర ఆమెను పిలవలేదు. పరీక్షకుడి ప్రశ్నలు అయ్యాక, ఇంకెవరైనా అడగొచ్చని అన్నారు. జెస్సీ లేచి నిలబడింది.

"పొడి రంగు మారింది, సరే. రంగు మారినంత మాత్రాన కోబాల్టు లోపలికి పోయినట్టేనా? పక్కన వట్టిగా కలిసి ఉండొచ్చు కదా?" అని అడిగింది.

గైడు ముఖం చిట్లించాడు. చైత్ర, వదిలేసిన పొడి గ్రాఫునూ కొత్త పొడి గ్రాఫునూ పక్కపక్కన పెట్టి, బొడిపె ఎక్కడుండేదో, ఎందుకు తీసేసిందో, ఇప్పుడు ఎందుకు నమ్ముతోందో ఓపిగ్గా చెప్పింది. చెప్తున్నంతసేపూ గదిలో జెస్సీ ఒక్కతే ఉన్నట్టు ఆమె వైపే చూసి చెప్పింది. పరీక్షకుడు తల ఊపుతూ, నేను అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగారన్నాడు.

డాక్టరేటు ఇవ్వవచ్చని ప్రకటించాక, నాగేంద్రబాబు అందరికీ టీలు చెప్పడానికి కిందికి పోయాడు. మెట్ల దగ్గర ఇద్దరే మిగిలారు.

"అంత కష్టమైన ప్రశ్న అడిగినావేందిమే" అంది చైత్ర. చాలా రోజుల తర్వాత, చిన్ననాటి ఆ 'మే' అన్న పిలుపు దానంతటదే వచ్చింది.

జెస్సీ గోడకు ఆనుకుని నిలబడింది. "నీ థీసిస్ మీ గైడు దగ్గర అడిగి తెచ్చుకున్నాను. మొత్తం చదివినాను."

"నీకెందుకది? అర్థమయిందా?"

"సగం కాలా. అయినా చదివినాను, యాడన్నా తప్పు దొరుకుతుందేమోనని." జెస్సీ నేల వైపు చూసి, మళ్ళీ తలెత్తింది. "అంత తప్పు నేను చేస్తే నువ్వు చూసినావు గదా. నీది ఒక్కటన్నా నేను చూడాలని ఉండింది. దొరకలా. ఆ పూటంతా కడుపులో మంటగా ఉండింది నాకు. నీ మీద నాకు ఎప్పుడూ ఇట్టా లేదు చైత్రా. నీకు ఎట్టా ఉండిందో అప్పుడు తెలిసింది."

పరీక్షకుడి మెచ్చుకోలు, గైడు అభినందన, కింద భర్త మురిపెం, అవన్నీ కలిపినా ఈ మాట తూకానికి రావు. తన పని చూసి జెస్సీ కడుపు మండింది. అంతటి సంతోషం కలిగినందుకు చైత్రకు కాస్త సిగ్గేసింది, కానీ సంతోషం మాత్రం పోలేదు.

"క్షమించమని అడగలేదు నేను నిన్ను ఇంతవరకు" అంది.

"అడగలా" అంది జెస్సీ.

"ఇప్పుడు అడుగుతావుండాను."

జెస్సీ సంచి భుజానికి తగిలించుకుంది. కింద నుంచి నాగేంద్రబాబు టీలు చల్లారిపోతున్నాయని కేకేశాడు. ఇద్దరూ మెట్లు దిగారు. జెస్సీ ఒక మెట్టు ముందు దిగుతోంది. చైత్ర దాన్ని గమనించింది, గమనించినందుకు లోపల తనను తాను తిట్టుకుంది, ఆ వరుసలోనే దిగింది.

టీ తాగుతూ జెస్సీ, వచ్చే వానలకు ఉదయగిరి కొండ వెనక ఇంకో వాగులో చేపలు పట్టిస్తున్నానని, చెట్టు బొమ్మ మళ్ళీ కావాల్సి వస్తుందని నాగేంద్రబాబుతో చెప్పింది. గీసి పెడతానని చైత్ర మధ్యలోనే అంది. ఏం కనపడితే అది చెప్పాలని జెస్సీ షరతు పెట్టింది. అది ఎటూ చెప్తానని, కానీ ఈసారి అచ్చయ్యే పరిశోధన వ్యాసం మీద తన పేరు కూడా ఉండాలని చైత్ర అంది. జెస్సీ గ్లాసు కింద పెట్టి ఆలోచించింది.

"రెండో పేరుగా అయితే వేస్తాను" అంది.

చైత్ర మిగిలిన టీ తాగేసింది. "సరే" అంది.